గొడుగు ఎలుగుబంటి క్యాసెట్

నేను ఒక క్యాసెట్‌ను. డోన్ బస్టాండు ఎదురు దుకాణంలో భజన పాటలతో ఉంటే, ఒక బస్సు కండక్టరు నన్ను కొని ఇంటికి తెచ్చాడు. మనుషులు దేవుడి పాటలను ఎంత భక్తిగా కొంటారో అంత తొందరగా మరిచిపోతారు. నా వీపున రెండు చిన్న కన్నాలున్నాయి. వాటిలో కాగితం ఉండలు కుక్కితే నా మీద ఏదైనా రికార్డు చేయవచ్చు. ఆ కిటుకు కండక్టరు కొడుకు మద్దిలేటికి తెలిసింది. నా భజన అక్కడితో సరి.

దానికి కారణం ఒక కార్టూన్. ఆదివారం పొద్దున టీవీలో గొడుగు పట్టుకుని ఊరూరా తిరిగే ఎలుగుబంటి వచ్చేది. అరగంటే. మళ్లీ చూడాలంటే వారం ఆగాలి. చెల్లెలు నాగవేణికి అంత ఓపిక లేదు, అయిపోగానే ఏడుపు అందుకునేది. బొమ్మలను ఎలాగూ పట్టలేం, మాటలనైనా పట్టుకుందామని మద్దిలేటి టేప్‌రికార్డరును టీవీ ముందు స్టూలు మీద పెట్టి, నన్ను అందులో వేసి, ఎర్ర బొత్తాం నొక్కాడు.

ఎలుగుబంటి హిందీలో మాట్లాడేది. ఆ పిల్లలిద్దరికీ హిందీ ముక్క రాదు. మద్దిలేటి మాత్రం అన్నీ తెలిసినట్టే చెల్లెలికి అర్థం చెప్పేవాడు. లెక్కల సారు బెత్తానికి భయపడి ఎలుగుబంటి బడి ఎగ్గొట్టిందట, గొడుగు చాటున దాక్కుని తిరుగుతోందట. ఆ మాటలన్నీ నా మీద పడ్డాయి. వంటింట్లో కుక్కరు కూత కూడా పడింది. కాసేపటికి నాగవేణికి కోపం వచ్చింది.

"గమ్మునుండన్నా! నీ మాటలు గూడా క్యాసెట్లో పడతాండాయి!"

మద్దిలేటి నోరు మూసుకున్నాడు. అక్కడినుంచి చివరిదాకా ఎలుగుబంటి ఒక్కటే మాట్లాడింది.

ఆ వానాకాలంలోనే మెదడువాపు జ్వరం వచ్చి మద్దిలేటి పోయాడు. పన్నెండేళ్లు. తల్లి చౌడమ్మ నన్నూ టేప్‌రికార్డరునూ అతని బడి చొక్కాల మధ్య పెట్టి ట్రంకుపెట్టె మూసింది. పారేయలేదు, వినలేదు. ఆ చీకట్లో నాకు తోడు ఆ పిల్లవాడి గొంతే. ఎవరూ వినకపోతే గొంతు నిద్రపోతుందనుకుంటారు మనుషులు. నా చుట్టల్లో అది ఏనాడూ నిద్రపోలేదు.

ఏళ్లు గడిచాయి. నాగవేణి తన కూతురికి చూపిద్దామని ఆ కార్టూన్‌ను ఫోన్లో వెతికి పట్టింది. ఇప్పుడామెకు హిందీ వచ్చు. ఎలుగుబంటి తేనె కోసం తిరుగుతోంది, అంతే. బడి లేదు, లెక్కల సారు లేడు, బెత్తం లేదు. మరునాడే పుట్టింటికి వచ్చి తల్లికి ఇదంతా చెప్పింది.

"అది మా ఎలుగుబంటి కాదుమా. అన్న చెప్పిన కత కావల్ల నాకు. అన్న గొంతు గూడా మర్చిపోయినా."

చౌడమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. తర్వాత లేచి పెట్టె తెరిచింది.

రికార్డరు లోపలి రబ్బరు బెల్టు సాగిపోయింది. నేను ఈడుస్తూ, మెల్లగా తిరిగాను. నేను మెల్లగా తిరిగితే గొంతులు బరువెక్కుతాయి. పన్నెండేళ్ల పిల్లవాడి గొంతు నడివయసు మగవాడి గొంతై గదిలోకి వచ్చింది.

"లెక్కల సారు వస్తాండాడు పాపా! గొడుగు ఎట్ల అడ్డం పెట్టుకునిందో సూడు."

నాగవేణి రికార్డరు దగ్గరికి జరిగింది. చౌడమ్మ గభాలున వీధి తలుపు వైపు చూసింది.

ఆ వెంటనే "గమ్మునుండన్నా" వచ్చింది. అదీ చిన్నపిల్ల గొంతు కాదు, అచ్చం ఇప్పటి నాగవేణిదే. తర్వాత ఒట్టి ఎలుగుబంటి. అన్న ఇంకొక్క మాటైనా అంటాడేమోనని నాగవేణి చెవి ఆనించి చివరిదాకా వింది. అనలేదు. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, "బజార్లో కొత్త బెల్టు దొరుకుతాదేమో అడుగుతానుమా. అది మారిస్తే అన్న గొంతు సరిగ్గా వస్తాది" అంది.

చౌడమ్మ రికార్డరును ఒళ్లోకి లాక్కుంది.

"వద్దులే పాపా. ఇన్నేండ్లకు పెద్దోడైనాడు. మళ్లా చిన్నోణ్ణి జెయ్యాకు."

నన్ను మొదటికి తిప్పి, మళ్లీ బొత్తాం నొక్కింది.