చప్పిడి కూడు

చంద్రపూర్ ఆసుపత్రి నుంచి గాబ్రియేలు మహారాష్ట్రలోని ఘుగ్గుస్ ఊరికి తిరిగివచ్చిన సాయంత్రమే దేవుడికి కృతజ్ఞతగా ఇంట్లో స్తుతి కూడిక పెట్టారు. బొగ్గుగనిలో బతుకంతా చాకిరీ చేసిన మనిషి. గుండె బలం తగ్గి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, చావు అంచుదాకా వెళ్లివచ్చాడు. మామకు ఇష్టమని కోడలు కెజియా ఎండుచేపల పులుసు వండింది. వచ్చినవాళ్లు కూడా వట్టి చేతులతో రాలేదు.

"దవాఖానల సప్పిడి కూడు పెట్టి మనిషిని పుల్ల జేసిన్రు," అంటూ పక్కింటి సరోజమ్మ ఉప్పేసిన మజ్జిగ చెంబు అందించింది. "తాగన్నా."

"నీ సల్ల కోసమే బతికొచ్చిన సరోజా!"

అందరూ నవ్వారు. కెజియా పులుసు మారు వడ్డించింది.

ఆ చప్పిడి కూడే వైద్యమని అక్కడ ఒక్క కొడుకు నోవాకే తెలుసు. తండ్రిని ఇంటికి పంపేముందు వార్డు సిస్టరు అతనికి మరాఠీలో విడమరిచి చెప్పింది: ఉప్పు దాదాపు మానాలి, నీళ్లయినా మజ్జిగయినా కొలిచే ఇవ్వాలి. మరాఠీ బడిలో చదివినవాడు కనుక ప్రతి మాటా అర్థమైంది. మాత్రలు వేళకు వేశాడు. వంట సంగతి మాత్రం భార్యకు చెప్పలేదు. అది తన పని కాదనుకున్నాడు. విశ్వాసులందరి ముందు తండ్రి చేతిలోని చెంబు లాక్కోవడానికి మొహం చెల్లలేదు.

వారం తిరగకముందే కాళ్లు ఉబ్బి, ఊపిరాడక, గాబ్రియేలు మళ్లీ అదే వార్డుకు చేరాడు. ఈసారి కెజియా కూడా వెళ్లింది. ఉప్పు వద్దన్నాం కదా అని డాక్టరు ఆమెనే కసిరాడు. ఇంకోసారి ఇలా వస్తే గుండె తట్టుకోదన్నాడు.

"నాకెందుకు చెప్పలే?" వరండాలో భర్తను నిలదీసింది.

"చెప్తే ఏంజేస్తుంటివి? నాయిన అడిగితే పెట్టకుంటుంటివా?"

"తెలిస్తే గద పెట్టుడో మానుడో! నా చేత్తోనే పెట్టిపిచ్చినవ్."

"మెల్లగ. జనం వింటున్రు."

మళ్లీ ఇంటికి పంపే రోజు సిస్టరు పేషెంటు కొడుకునే పిలిచింది. కెజియా వెంటపడి, తనకొచ్చిన కాస్త మరాఠీలో, వండేది తానని, తనకు చెప్పమని అడిగింది. ఆయనకు అంతా తెలుసు, ఆయన్నే అడుగమని సిస్టరు మరొకరి పేరు పిలిచింది.

ఆటో కదిలాక కెజియా అడిగింది: "రోజుకు నీళ్లు ఎంత ఇయ్యమన్నది?"

"తక్కువనే."

"తక్కువంటే ఎంత?"

"మొదటిసారి లెక్క చెప్పింది, యాది లేదు. ఇయ్యాల, మీకు తెలుసు గద అని ఊకున్నది."

"మల్ల అడుగకపోతివా?"

నోవా మందుల సంచి ఒళ్లో సర్దుకున్నాడు.

ఎండ మండిపోతోంది. లారీల దుమ్ములో గాబ్రియేలు పెదవులు తడుపుకున్నాడు. "బిడ్డా, నీళ్లియ్యి."

కెజియా సీసా మూతలోకి కాసిన్ని వంచి అందించింది. అతను ఒక్క గుక్కలో మింగి మళ్లీ చెయ్యి చాచాడు. ఎంత పోస్తే ప్రాణానికి ముప్పో ఆమెకు తెలియదు. ఆమె ఎందుకు పోయడం లేదో అతనికి ఎవరూ చెప్పలేదు. ఆమె మూత బిగించింది.

"చూసినవా తమ్మీ," అన్నాడు గాబ్రియేలు ఆటో నడిపేవాడితో. "ఎండుచేపలు పెట్టిన కోడలే, మల్ల మంచాన పడ్డనని నీళ్లకు సుత పిసినారైంది."

నోవా అటువైపు తిరిగి లారీలను చూస్తూ కూర్చున్నాడు.