ఏం కొట్టినా తెరుచుకున్న తలుపు

మా అక్క పళ్ళ డాక్టరు. నేను ఆమె క్లినిక్‌లో ముందు గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తుతాను, వెబ్‌సైటు కూడా చూసుకుంటాను. అందుకని నాకేదో పెద్ద చదువుందని అనుకోకండి. వెబ్‌సైటుకి ప్లగిన్లని చిన్న చిన్న అదనపు సరంజామా దొరుకుతుంది, తెచ్చి తగిలించడమే. లాగిన్ పని చూసే ప్లగిన్‌ని కూడా అలాగే తగిలించి, మావయ్య దగ్గర తెగ గొప్పలు పోయాను.

మావయ్య బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. పంటి పోటనో, చిగురు వాపనో నెలకి ఐదారుసార్లు మా సైటులోకి వెళ్ళి అపాయింట్‌మెంట్ తీసుకుంటాడు. పాస్‌వర్డ్ మాత్రం చచ్చినా గుర్తుండదు. "మీ సైటుకి నేనంటే మర్యాదే అమ్మాయ్. ఏం కొట్టినా తలుపు తీస్తుంది," అనేవాడు. ఒకసారి మా పిల్లి పేరు కొట్టినా తీసిందట. అక్కా నేనూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. పెద్దవాడు, ఏదో మురిసిపోతున్నాడులే అని వదిలేశాం. నేనైతే ఆయన పాస్‌వర్డ్‌ని పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు చెప్పి మరీ ఇచ్చాను.

మొన్న సోమవారం పొద్దున ఆ ప్లగిన్ తయారుచేసినవాళ్ళ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఎనిమిది నెలలుగా అందులో లోపం ఉందనీ, ఫోన్ నంబరు సరైనదైతే చాలు, ఏ పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి పంపేస్తోందనీ, వెంటనే కొత్త వెర్షన్ పెట్టుకోమనీ దాని సారాంశం. మావయ్య ఇన్నాళ్ళుగా చెబుతున్నదే వాళ్ళు కాస్త పద్ధతిగా రాశారు.

అక్క పేషెంటుని పంపించి, తలుపు వేసి, నన్ను కడిగిపారేసింది. నువ్వేమన్నా తక్కువ తిన్నావా, నాకంటే గట్టిగా నవ్వావు కదా అన్నాను. దాంతో ఇద్దరం చల్లారి పనిలో పడ్డాం. ముందు లాగిన్ మొత్తం ఆపేశాను. కొత్త వెర్షన్ పెట్టి, పాత పాస్‌వర్డ్‌లన్నీ రద్దు చేశాను. పేషెంట్లందరికీ జరిగింది జరిగినట్టు మెయిల్ పెట్టాం. చివరికి పిల్లి పేరు కొట్టి చూస్తే ఈసారి తలుపు తీయలేదు. మావయ్యకి ఫోన్ చేసి తప్పయిపోయిందంటే, అయితే మీ సైటుకి ఇప్పుడు పొగరెక్కిందన్నమాట అన్నాడు.

ఇక మిగిలింది, ఈ ఎనిమిది నెలల్లో ఎవరెవరు తప్పు పాస్‌వర్డ్‌తో దూరారో చూడటం. కొత్త వెర్షన్ ఆ జాబితా కూడా ఇచ్చింది. మొత్తం నలభై రెండు సార్లు. అందులో నలభై ఒకటి మావయ్యవే. మిగిలిన ఆ ఒక్కటీ అక్క రెండుసార్లు చదివింది. అది మా పాత పేషెంటు, సంగీతం టీచరు గారికి సైటులో ఉన్న పేజీ.

రెండేళ్ళ కిందట ఆవిడ మెట్ల మీద పడి ముందరి పళ్ళు నాలుగూ పోగొట్టుకున్నారు. భర్త పనిమీద ఊరెళ్ళిన మూడు వారాల్లో అక్క ఆ నాలుగూ కొత్తవి పెట్టింది. తన నవ్వు చూసే ఆయన పెళ్ళి చేసుకున్నారనీ, ఈ సంగతి మాత్రం ఆయనకి తెలియకూడదనీ ఆవిడ అక్క దగ్గర మాట తీసుకున్నారు. ఎక్స్‌రేలు, ఫొటోలు అన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి. ఐదు నెలల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరో దాన్ని తెరిచి పంతొమ్మిది నిమిషాలు చూశారు. ఎవరన్నది కూడా దాగలేదు. దానికి పది నిమిషాల ముందు, అదే ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి టీచరు గారి భర్త తనకి అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. పనిలో పనిగా భార్యకి కూడా తీసుకుందామని ఆవిడ నంబరు కొట్టి, ఏదో ఒక పాస్‌వర్డ్ వేసి చూసినట్టున్నారు.

ఆవిడకి చెప్పకపోతే ఏమవుతుందని నేను గొణిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. అక్క నన్ను ఒక్క చూపు చూసి ఫోన్ అందుకుంది.

టీచరు గారు సాయంత్రం వచ్చారు. అక్క డొంకతిరుగుడు లేకుండా చెప్పేసింది.

"తప్పు మాదే టీచర్ గారూ. మీ పేజీ ఎవరో ఒకసారి తెరిచారు. మీ ఇంటి నుంచే."

ఆ క్షణాన నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఆవిడ ఎప్పుడని మాత్రం అడిగారు. తేదీ చెప్పాను. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నారు.

"అప్పట్నుంచే," అన్నారు. "జన్మలో పండు కోసి ఎరగని మనిషి, యాపిల్‌ని సన్నగా ముక్కలు కోసి నా ముందు పెడుతున్నారు. ఏంటీ విడ్డూరమంటే, తన పళ్ళు జివ్వుమంటున్నాయన్నారు. నేను నమ్మి ఆయనకి పేస్టు కూడా మార్చాను."

అక్క నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఆయన పళ్ళు ఎంత గట్టివో పోయిన నెలే చూసింది, కానీ ఒకరి పళ్ళ సంగతి ఇంకొకరికి చెప్పకూడదు కదా. అక్క ముఖం చూసి టీచరు గారికి అంతా అర్థమైపోయింది. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళనీళ్ళు వచ్చాయి. నాకూ ఆగలేదు.

కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని వెళ్ళబోతూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగారు.

"నాకు తెలిసిందని ఆయనతో అనకండి డాక్టరు గారూ. ఇంకొన్నాళ్ళు కోయనివ్వండి."