మూత పడ్డప్పటి నవ్వు

ఆఫీసులో ఆయన్ని అందరూ చెవుల మాస్టారనేవారు. కంప్యూటర్ ఆటల్లో తలుపులకూ అడుగులకూ చప్పుళ్లు అమర్చడం ఆయన పని. పక్క గదిలో తాళాలు కిందపడితే గుత్తిలో ఎన్నున్నాయో చెప్పేస్తారని ప్రతీతి. అలాంటి మనిషి ఆ ఉదయం కొత్త ఆటలోని మంత్రగత్తె నవ్వు విని, మళ్లీ మొదటినుంచి పెట్టుకుని విన్నారు. గొంతును ఎవరో సాగదీసి బొంగురు చేశారు, నిజమే. కానీ చివర్లో ఎక్కిలిలా వచ్చే ఆ ఊపిరి ఎక్కడికి పోతుంది? అది ఆయన భార్య నవ్వు. ఆవిడ పోయి పదకొండు నెలలు.

ఆరేళ్ల కిందట వంటింట్లో మూతల చప్పుడు రికార్డు చేస్తుంటే, ఒక మూత జారి ఆయన కాలి మీదే పడింది. ఆవిడ పగలబడి నవ్వింది. ఆ ముక్కను అందరూ పంచుకునే శబ్దాల సైటులో పెట్టారాయన. లైసెన్సు దగ్గర మూడు గళ్లున్నాయి: పేరు వెయ్యాలి, అమ్ముకోకూడదు, ఏ షరతూ లేదు. మూడోదాంట్లో టిక్కు కొట్టారు.

"నా నవ్వుని ఊరందరికీ ధారపోస్తున్నారా?" అందావిడ.

"నవ్వేగా, వాడితే అరిగిపోతుందా!"

టిక్కు కొట్టిన ఆ చెయ్యి అప్పుడే విరిగిపోయినా బాగుండేదనిపించిందిప్పుడు.

"లైసెన్సు చూసే తీసుకున్నాను మాస్టారూ, తప్పేమైనా చేశానా?" అంది, ఆయన వెళ్లి అడిగితే, ఆ కొత్త ఆటకి శబ్దాలు వెతికే అమ్మాయి.

"నీ తప్పేం లేదమ్మా. అది మా ఆవిడ."

ఆ అమ్మాయి ఏడుస్తూనే ఆటలోంచి ఆ నవ్వు తీసేసింది. కానీ అప్పటికే సైటులోంచి దాన్ని నాలుగువేలమంది దించుకున్నారు. వెనక్కి తీసుకోవచ్చా అని ఆయన సైటువాళ్లకు రాశారు. పేజీ తీసేయగలం, ఇచ్చిన హక్కు మాత్రం తిరిగి రాదు అని వాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు.

సాయంత్రం ఆ పేజీ తెరిచారు. తొలగించమనే గుర్తు మీదికి వేలు వెళ్లి ఆగిపోయింది. ఇక్కడ తీసేస్తే ఆ నవ్వు మంత్రగత్తెల నోళ్లలోనే మిగులుతుంది. అది ఒక మనిషి నవ్వని రాసున్న చోటు ఇదొక్కటే. చాలాసేపటికి శబ్దం కింద రెండు ముక్కలు చేర్చారు:

"పేరు వెయ్యక్కర్లేదు, వాడుకోండి. కానీ ఈవిడ ఎవర్నీ భయపెట్టిన మనిషి కాదు. నా కాలి మీద మూత పడితే నవ్వింది, ఆ వెంటనే కూర్చుని నూనె రాసింది."