వేలిముద్ర పడని చెయ్యి

జయలక్ష్మమ్మ బొటనవేలిని మూడుసార్లు సిరాలో అద్దినా కాగితం మీద నల్లటి మచ్చే పడింది గానీ ఒక్క గీతా కనబడలేదు. చింతామణిలో కువైట్‌కు మనుషులను పంపే రామచంద్రప్ప కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం పని చేస్తాండావమ్మా?"

"పట్టుగూళ్ళ నుంచి నూలు తీస్తాండానప్పా. పన్నెండేండ్లాయ."

ఇంక అడగడానికేముంది? ఉడుకునీళ్ళ తొట్టిలో గూళ్ళను దేవే వేళ్ళకు గీతలెక్కడ మిగులుతాయి! పాస్‌పోర్టు దరఖాస్తుకేమో ముద్ర కావాలి, ఆమెకు సంతకం రాదు.

"నెల దినాలు ఆ నీళ్ళ జోలికి పోవద్దమ్మా. చర్మం తిరిగొస్తాది," అన్నాడు.

పక్కనే ఉన్న మొగుడు బయ్యప్ప లోలోపల సంబరపడ్డాడు. ఆమె పరాయి దేశం పోవడం అతనికి సుతరామూ ఇష్టం లేదు; దాని మీద ఇంట్లో రోజూ తగువే. ఆమెకేమో పాతపాళ్య ఊరి నుంచి కువైట్ వెళ్ళిన అక్కయమ్మ ఫోన్లో చెప్పిన మాటలే చెవిలో మోగుతున్నాయి. షేకు ఇంట్లో వంటపని, చల్లటి గది. రెండేళ్ళు ఓర్చుకుంటే కూతురు నయన నర్సు చదువు గట్టెక్కుతుంది. బిడ్డ ఆ తొట్టి దగ్గర కూర్చోకూడదు, అంతే.

"నెలైనా నీకు ముద్ర పడదులే. తొట్టి కాడ నీ చోటు పోకుండా అందాకా నేను కూర్చుంటా," అన్నాడు బయ్యప్ప. ఇన్నాళ్ళూ బయట మూటలు మోసిన మహానుభావుడు, నూలు తీయడమంటే కూర్చుని చేసే పనే కదా అనుకున్నాడు.

మూడో రోజుకి వేళ్ళు తెల్లగా ఉబ్బాయి. వారానికి పగిలాయి. అన్నం కలుపుకోలేక స్పూనుతో తిన్నాడు. అయినా పొద్దున్నే మళ్ళీ తొట్టి దగ్గర కూర్చున్నాడు. జయలక్ష్మమ్మ రోజూ ఆ చేతులకు కొబ్బరినూనె రాసింది. పన్నెండేళ్ళు నా చేతులకు ఎవరు రాసినారు అని నోటిదాకా వచ్చింది, ఇంకాస్త నూనె పోసుకుంది.

నెల తిరిగింది. రామచంద్రప్ప దగ్గర ముద్ర శుభ్రంగా పడింది. జయలక్ష్మమ్మ సంతోషం దాచుకుని, తగువుకు సిద్ధమై మొగుడి వైపు తిరిగింది.

"పోయిరా," అన్నాడు బయ్యప్ప. "నయనను నేను చూసుకుంటా. తొట్టి కాడ ఆ చోటు ఇంకెవురికన్నా ఇచ్చుకోమని యజమానికి పొద్దున్నే చెప్పేసినా."

ఇన్నాళ్ళూ అతనితో పోట్లాడడంలో ఆమెకు భయపడే తీరికే దొరకలేదు. ఇప్పుడు అడ్డం నిలబడేవాళ్ళు లేరు. కువైట్ ఎంత దూరమో అప్పుడే తెలిసొచ్చింది. ఊరికి పోయే బస్సు కోసం బస్టాండు దాకా అతని మోచేయి పట్టుకునే నడిచింది.

"రెండేండ్లంటే శానా దినాలు కదా," అంది.

"శానానే," అన్నాడు బయ్యప్ప.