బంతి వదిలినవాళ్లకు కప్పు

జగన్నాధం తండ్రి బతికుండగా బేస్‌బాల్ అనే మాట విన్న పాపాన పోలేదు. అయినా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కాలేజీ అమ్మాయిల బేస్‌బాల్ పోటీల్లో ఉత్తమ క్యాచర్‌కి ఏటా ఇచ్చే కప్పు ఆయన పేరు మీదే ఉంది. ఆమదాలవలసలో రైస్‌మిల్లు నడిపే జగన్నాధానికి తండ్రి పేరు మైకులో వినాలన్న కోరిక పుట్టేసరికి మంచి ఆటలన్నీ అయిపోయాయి. కబడ్డీని ఓ మాజీ సర్పంచి, వెయిట్‌లిఫ్టింగ్‌ని ఓ రోడ్డు కాంట్రాక్టరు తమ తండ్రుల పేర రాయించేసుకున్నారు. క్రికెట్ సంగతి చెప్పక్కర్లేదు, అక్కడ తండ్రులు వరసలో నిలబడి ఉన్నారు. ఇక మిగిలింది బేస్‌బాల్. అందులోనూ క్యాచరే ఎందుకంటే, మొహానికి ఇనప జాలీ, గుండెకి కవచం, మోకాళ్లకి తొడుగులు వేసుకుని ఫొటోలో దిట్టంగా కనపడేది ఆ మనిషే కాబట్టి.

ఈ బాగోతమంతా తెలిసిన కాలేజీ జట్టు క్యాచర్ ఈశ్వరికి ఆ కప్పంటే ఒళ్లు మంట. కానీ ఆ కప్పే కావాలి. యూనివర్సిటీ జట్టుకి బట్టలూ బూట్లూ కొనిపెట్టేది జగన్నాధమే. అందుకని ఆయన కప్పు ఎవరికిస్తే వాళ్లనే యూనివర్సిటీ జట్టులో క్యాచర్‌గా తీసుకోవడం ఆనవాయితీ అయిపోయింది. యూనివర్సిటీకి ఆడితేనే స్పోర్ట్స్ కోటా, కోటా ఉంటేనే పోలీసు ఉద్యోగం. ఈశ్వరి డిగ్రీ మూడో ఏడు చదువుతోంది. ఈసారి తప్పితే మరి లేదు.

క్యాచర్ పని చెప్పుకోవడానికి చిన్నదే. బ్యాటు పట్టుకున్న మనిషి వెనకాల గొంతుక్కూర్చుని, పిచర్ విసిరిన బంతి బ్యాటుకి తగలకపోతే దాన్ని ఆపాలి. వెనక్కి పోనిచ్చిందా, బేసుల మీద కాచుకుని ఉన్న అవతలి జట్టువాళ్లు ముందుకి పరుగు తీస్తారు, మూడు బేసులూ దాటి బ్యాటు దగ్గరికి చేరితే ఒక పరుగు. పని వచ్చిన మనిషి చేతిలో ఇదంతా కంటికి ఆనదు. బంతి వస్తుంది, చేతి తొడుగులో పడుతుంది, అంతే. నేలకి కొట్టుకుని అడ్డదిడ్డంగా లేచే బంతిని కూడా ఈశ్వరి మోకాళ్ల మీద వాలి గుండెతో ఆపి, కాళ్ల ముందే పడేసుకునేది. చూసేవాళ్లకి ఆ పిల్ల కూర్చున్న చోటినుంచి కదిలినట్టే ఉండేది కాదు.

షామియానా కింద సోఫాలో కూర్చునే జగన్నాధానికి గిట్టనిది సరిగ్గా అదే. మిల్లులో బస్తాలు మోసే కళాసీల్ని చూసినట్టే ఆయన ఆటనీ చూసేవాడు. ఎవరి ఒంటిమీద దుమ్ము ఎక్కువుంటే వాళ్లు కష్టపడ్డట్టు లెక్క. పక్కన ఒక రిటైర్డు తాసీల్దారూ, ఒక పెట్రోలు బంకు యజమానీ ఆయన తెప్పించిన జీడిపప్పు నములుతూ, ఆయన తల ఎటు ఊపితే అటు ఊపేవారు. నిరుడు ఈ ముగ్గురు మేధావులూ కలిసి కప్పుని విజయనగరం పిల్లకిచ్చారు. ఆ పిల్ల చేతిలో బంతి నిలిస్తే ఒట్టు. ప్రతి బంతినీ జారవిడిచి, దానివెంట పరిగెత్తి, బొక్కబోర్లా పడి, మట్టికొట్టుకుపోయి లేచేది. "పేనం ఎట్టి ఆడతన్నాది" అని జగన్నాధం రుమాలుతో కళ్లొత్తుకున్నాడు. దద్దమ్మలు, అనుకుంది ఈశ్వరి.

ఈ ఏడు ఫైనల్‌కి మళ్లీ ఆ విజయనగరం జట్టే ఎదురైంది. ఆట మొదలయ్యేముందు, కాలేజీలో ఆటలు నేర్పే పద్మకుమారి మేడం ఈశ్వరిని పక్కకి పిలిచింది.

"ఒసే, ఈసారైనా నా మాట యిను. బేసుల మీద ఎవలూ లేనప్పుడు ఒకటో రెండో బంతులు ఒదిలీ. ఎనక్కి పరిగెట్టి కింద పడు. దుమ్ము దులుపుకోకు."

"సేతికొచ్చిన బంతి ఒదలడమేటి మేడం? సిగ్గుసేటు."

"ఎవలికి సిగ్గు? ఆలకి తెల్దు. బేసులు కాళీగా ఉన్నప్పుడు ఒదిల్తే ఆటకి నష్టం నేదు. నీకు కప్పొస్తాది."

"అమ్మడికి తెలిసిపోద్ది."

"అది నీ సావాసగత్తే కదా. తర్వాత సెప్పుకో."

అమ్మడు ఈశ్వరి జట్టు పిచర్. నౌపడ దాటాక సముద్రపొడ్డు పల్లెలో ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు, ఇద్దరి నాన్నలూ ఒకే పడవ మీద వేటకి వెళతారు. అమ్మడికి గొప్ప బంతి ఒకటుంది. నడుమెత్తున వస్తున్నట్టే వచ్చి, చివర్లో జారి నేలకి కొట్టుకుంటుంది. బ్యాటు గాల్లో ఊగిపోతుంది. మిగతా పిచర్లు అలాంటిది వెయ్యడానికి భయపడతారు, క్యాచర్ ఆపలేకపోతే కొంప మునుగుతుంది కాబట్టి. అమ్మడికి ఆ బెంగ ఎప్పుడూ లేదు.

రెండో ఇన్నింగ్స్‌లో బేసులు ఖాళీగా ఉన్నాయి. బంతి తిన్నగా వచ్చింది. ఈశ్వరి తొడుగు కాస్త వదులు చేసింది. బంతి జారి వెనక్కి దొర్లితే, లేచి పరిగెత్తి, అవసరం లేకపోయినా దానిమీద పడి, మూతినిండా మట్టితో లేచింది. షామియానా కింద చప్పట్లు మోగాయి. ఇనప జాలీ వెనకాల ఈశ్వరికి నవ్వాగలేదు. ఇంత తేలికైన వెధవ పనికా తను రెండేళ్లు ఏడ్చింది?

నాలుగో ఇన్నింగ్స్‌లో మళ్లీ అదే చేసింది. ఈసారి తాసీల్దారు జీడిపప్పు పొట్లం పక్కన పెట్టి మరీ చప్పట్లు కొట్టాడు. అయిదో ఇన్నింగ్స్‌లో మొదటి బేసు మీద అవతలి పిల్ల నిలబడి ఉంది. మేడం చెప్పిన హద్దు ఈశ్వరికి గుర్తుంది. కానీ అప్పటికి ఆ చప్పట్లు తలకెక్కాయి. ఇంకొక్కటి, దీంతో కప్పు ఖాయం అనుకుంది. వదిలేసింది. మొదటి బేసు పిల్ల రెండో బేసుకి చేరింది. పరుగైతే రాలేదు. జగన్నాధం మాత్రం సోఫాలోంచి లేచి నిలబడ్డాడు.

బంతి తీసుకోవడానికి అమ్మడు సగం దూరం నడిచొచ్చింది.

"సెయ్యేటైనా నొప్పెడతన్నాదేటే?"

"నేదు."

అమ్మడు ఆమె చేతివంక చూసింది. తర్వాత షామియానా వంక చూసింది. బంతి పట్టుకుని వెళ్లిపోయింది.

ఆఖరి ఇన్నింగ్స్ వచ్చేసరికి ఈశ్వరి జట్టు ఒక్క పరుగు ముందుంది. ఇంకొక్కరు ఔటైతే చాలు. కానీ రెండో బేసు మీదా మూడో బేసు మీదా అవతలివాళ్లున్నారు. బ్యాటు పట్టుకున్న పిల్ల అప్పటికే రెండుసార్లు తప్పింది, మూడోసారి తప్పితే ఔటు. కిందకి జారే బంతికి గుడ్డిగా బ్యాటు ఊపే రకం అది. ఈశ్వరి తొడల మధ్య వేలు కిందకి చూపించింది. ఆ బంతే వెయ్యమని గుర్తు.

అమ్మడు తల అడ్డంగా ఊపింది.

ఇంతవరకూ అలా ఎప్పుడూ జరగలేదు. ఈశ్వరి మళ్లీ వేలు చూపించింది. అమ్మడు మళ్లీ అడ్డంగానే ఊపి, కాలెత్తి, బంతిని నడుమెత్తున తిన్నగా విసిరింది. బ్యాటుకి చక్కగా దొరికింది. బంతి మైదానం చివరిదాకా పోయి పడింది. ఇద్దరు ఈశ్వరి పక్కనుంచే పరిగెత్తి పరుగులు పూర్తిచేశారు. ఆట అయిపోయింది.

కప్పు మాత్రం ఈశ్వరికే ఇచ్చారు. మొహం తుడుచుకోబోతే ఫొటోగ్రాఫరు వద్దన్నాడు, ఆ మట్టే అందమట. జగన్నాధం మైకు పుచ్చుకుని, "జట్టు ఓడినా ఈ అమ్మాయి పోరాటం ఓడలేదు. మా నాన్నగారు కూడా ఇలాగే మట్టిలోంచి పైకొచ్చిన మనిషి" అన్నాడు. ఆ మాటకి మామూలుగా అయితే ఈశ్వరి లోపల్లోపల పొర్లిపొర్లి నవ్వుకునేది. ఇవాళ నవ్వు రాలేదు. కింద నిలబడ్డ జట్టులో అమ్మడి కోసం వెతికింది. అమ్మడు వంగి బూట్ల లేసులు విప్పుకుంటోంది.

సాయంత్రం పాసింజరు ఆమదాలవలసలో కదిలింది, ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కప్పు ఈశ్వరి ఒళ్లో ఉంది.

"ఎందుకే తల అడ్డంగా ఊపినావు? కిందకేస్తే ఆ గుంట ఔటయిపోయేది కదా."

అమ్మడు కిటికీలోంచి చూపు తిప్పలేదు. "అవును. నువ్వు ఆపితే."

"ఆపనేటి? మూడో బేసు మీద మనిషున్నప్పుడు ఒదిల్తానేటి?"

"నాకేటి తెలుసు. మొదటి బేసు మీద మనిషున్నప్పుడు ఒదిలీసినావు కదా. సప్పట్లు కొడతన్నారు మరి."

కప్పు, యూనివర్సిటీ, కోటా, మేడం చెప్పిన మాట, అన్నీ ఈశ్వరి గబగబా చెప్పుకొచ్చింది. "ఆ దద్దమ్మలకి ఆట తెల్దు. ఆల కోసమే అలగ సేసినాను" అంది.

"ఆలకి తెల్దు, నిజమే. నాకు తెలుసు కదే" అంది అమ్మడు.

ఎదురు బల్ల మీద కూర్చున్న జగ్గమ్మ వాళ్ల పల్లెదే. చేపలు అమ్ముకుని ఖాళీ తట్టతో తిరిగొస్తోంది. మెరిసే కప్పుని చూసి ముందుకి వంగింది. "ఏటే పిల్లా అది? ఏటి గెలిసినారు?"

ఈశ్వరి నోరు తెరిచేలోపే అమ్మడు జవాబు చెప్పింది.

"మేం ఓడిపోనాం పిన్నీ. ఇది దానికొక్కదానికే ఇచ్చినారు. రెండు జిల్లాల్లోనూ దానంత బాగా బంతి పట్టినోలు నేరట."

జగ్గమ్మ సంతోషంతో ఈశ్వరి బుగ్గ పుణికింది. అమ్మడి గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. ఈ మూడేళ్లూ జగన్నాధాన్ని ఇద్దరూ కలిసి వెక్కిరించుకునేటప్పుడు ఏ గొంతుతో మాట్లాడుకునేవారో, ఇప్పుడు అదే గొంతుతో అమ్మడు ఈశ్వరి గురించి మాట్లాడింది. ఈశ్వరి దాన్ని వెంటనే గుర్తుపట్టింది. నౌపడ వచ్చేదాకా తల ఎత్తలేదు.