రంది ఎవరిది

పాట ఒక్కటే, రాసినవాళ్లు ఇద్దరు. ఎవరి పాట సినిమాలోకి పోతుందో ఆ పొద్దున ఫిల్మ్‌నగర్ ఆఫీసులో తేలాలి.

క్రాంతికుమార్ పదిహేనేళ్లుగా పాటలు రాస్తున్నాడు, పేరు మాత్రం ఇంకా పోస్టరెక్కలేదు. ఎదురుగా కూర్చున్న ప్రేమ్ చంద్ ఏలూరు కుర్రాడు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మెడలో కంపెనీ కార్డు, శని ఆదివారాల్లో సరదాకి పాటలు. సరదాకట! క్రాంతికుమార్‌కి ఒళ్లు మండింది. నెల తిరిగేసరికి జీతం వచ్చిపడే వీడికి ఈ పాట కూడా కావాలా?

దర్శకుడు రెండు పల్లవులూ చదివాడు. ఒకే బాధకి క్రాంతికుమార్ 'దిగులు' అని రాస్తే, ప్రేమ్ చంద్ 'రంది' అని రాశాడు.

"రంది అంటే ఏంటయ్యా?" అన్నాడు దర్శకుడు.

"మధురానగర్‌లో మా ఓనరు బాలమణిగారి మాటండీ," అన్నాడు ప్రేమ్ చంద్. "ఆవిడకి చెల్లెలితో మాటల్లేవు. అయినా పండక్కి రెండు చీరలు కొని, ఒకటి దాచేస్తారు. ఎందుకండీ అంటే, 'రంది బిడ్డా' అన్నారు. దిగులైతే ఎవరికైనా చెప్పుకుంటాం. ఇది లోపల్లోపల తినేస్తుందండీ."

క్రాంతికుమార్ చప్పున తలెత్తాడు. జనగామలో వాళ్లమ్మ మల్లమ్మ రోజూ అనే మాట అది. ఇండస్ట్రీకి వచ్చిన కొత్తలో ఎవరో నవ్వారని అలాంటి మాటలన్నీ మింగేసి కోస్తా యాస నేర్చుకున్నాడు. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు. పొరుగువాడొచ్చి ఆకు కోసుకుపోతుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది.

"మొదటి రికార్డింగ్ కదండీ," అన్నాడు మెల్లగా. "రంది అంటే చావింట్లో ఏడ్చే మాట. శుభమా అని..."

దర్శకుడు కాగితం కింద పెట్టేశాడు. ప్రేమ్ చంద్ మొహం వాడిపోయింది. క్రాంతికుమార్ కడుపు చల్లబడింది.

అప్పటిదాకా సోఫాలో వాలి వింటున్న నిర్మాత రాములు లేచి కూర్చున్నాడు. షేక్‌పేట రైతు. కంపెనీల పుణ్యమా అని భూమికి ధర రాగానే అమ్మి, సినిమాల్లోకి దిగాడు.

"చావింట్లదా? ఎవలు చెప్పిండ్రు నీకు? మా యింటామె తల్లిగారింటికి పోతే నాకు రంది. బర్రె తప్పిపోతే మా నాయినకు రంది. గంత మంచి మాటను పట్టుకొని గట్లంటవేంది? ఏ ఊరయ్యా నీది?"

జనగామ అన్నాడంటే, తెలిసి చెప్పిన అబద్ధమని తేలిపోతుంది.

"తెనాలి అండీ," అన్నాడు క్రాంతికుమార్.

"గట్ల జెప్పు! నీకెట్ల తెలుస్తది మరి." రాములు నవ్వేసి ప్రేమ్ చంద్ వీపు తట్టాడు. "ఈ పిల్లగాని పాటనే పెట్టుండ్రి. అచ్చం మనోని లెక్క రాసిండు."

మనోడు! ఆ మాటకి క్రాంతికుమార్ కళ్లల్లో నిప్పులు పోసినట్టయింది. కానీ ఏం లాభం? కష్టపడి నేర్చుకున్న యాస ఎంత బాగా కుదిరిందంటే, ఆ గదిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.