రేడియో బిగించిన కారు

జీవానందం తన బాడుగ కారుకు పొద్దున్నే సొంతంగా రేడియో బిగించుకున్నాడు. మధ్యాహ్నానికి, చేపలు పట్టే మాల్యాద్రి పరుగున వచ్చాడు. అతని భార్య పిచ్చమ్మకు కాన్పు కష్టమైంది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. వెంటనే నెల్లూరు ఆసుపత్రికి చేర్చాలి.

పిచ్చమ్మను వెనక సీట్లో పడుకోబెట్టారు. జీవానందం స్టార్టరు నొక్కాడు. కారు టక్కుమని ఊరుకుంది. సముద్రపొడ్డున ఉన్న ఆ మైపాడు ఇసుకబాటలో తోసి స్టార్టు చేయడం కుదరని పని.

"పాటల కోసం నా పెండ్లాం ప్రాణం మీదికి తెచ్చినావు కదన్నా," అన్నాడు మాల్యాద్రి.

జీవానందం రేడియో వైరు పీకేశాడు. అయినా లాభం లేదు. లైటు వేస్తే గుడ్డిగా వెలిగింది. నిన్న బాగున్న బ్యాటరీ ఇవాళ ఎందుకు చస్తుంది? పొద్దున తను ఇంకా ఏం ముట్టుకున్నాడు? బ్యాటరీని కారు ఇనుముకు కలిపే ఎర్తు వైరు. దాన్ని ఊడదీసి, రేడియో వైరుతో కలిపి ఒకే బోల్టు కింద బిగించాడు. ఆ మాటే మాల్యాద్రికి చెప్పాడు.

"ఆ బోల్టు గట్టిగానే ఉండాదా?" అడిగాడు మాల్యాద్రి.

"ఉండాది. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా తారు కూడా పూసినా, మీ పడవకు పూసినట్టు..."

జీవానందం మాట సగంలో ఆగింది. తారు పూసింది బోల్టు బిగించాక కాదు, ముందే. వైరుకూ కారు ఇనుముకూ మధ్య తారు ఉంటే కరెంటు ఎలా పారుతుంది?

మాల్యాద్రి మొలలోంచి కత్తి తీసిచ్చాడు. జీవానందం ఇనుము మెరిసేదాకా తారు గీకి, బోల్టు మళ్లీ బిగించాడు. ఈసారి ఇంజను ఒక్క నొక్కుకే అందుకుంది.

"తిట్టింది చాల్లే మావా, ఎక్కు," అంది పిచ్చమ్మ మూలుగుతూనే.

నెల్లూరు ఆసుపత్రిలో పొద్దు గుంకకముందే నర్సు బయటికి వచ్చి, తల్లీబిడ్డా క్షేమమని చెప్పింది. మాల్యాద్రి కన్నా ముందు జీవానందమే ఆసుపత్రి మెట్ల మీద కూలబడి, కళ్లు తుడుచుకున్నాడు.